షిరీన్ ఇంట్లో చదువుకుంటోంది

ఫిబ్రవరి 18

గుంటూరు డాక్టరు గారు రాయమన్నారు కాబట్టి మొదలుపెట్టాను. ఏ తేదీన వచ్చింది, ఎంతసేపు ఉంది, ముందురోజు పిల్ల సరిగా నిద్రపోయిందా, మాత్ర వేళకి వేసుకుందా, ఇవన్నీ ఒకచోట రాసి పెట్టుకుంటే మందు పెంచాలో తగ్గించాలో ఆయనకి తెలుస్తుందట. మా నెట్ సెంటర్ షాపులో ఎరువుల కంపెనీ వాళ్లిచ్చిన డైరీ ఒకటి ఖాళీగా పడి ఉంటే తీశాను. డాక్టరుకి చూపించేది వేరే కాగితం మీదికి ఎత్తి రాస్తాను. ఇది నాకే.

ఫిట్స్ అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. వచ్చింది, రాలేదు అని రాసుకుంటాను.

మొదటిసారి వచ్చింది ఈ నెల పదకొండున, బడిలో. ప్రార్థన అయ్యాక ఆరో తరగతి పిల్లలంతా మెట్లెక్కుతున్నారట. షిరీన్ మధ్యలో ఆగిపోయి, వెనక్కి పడిపోయిందట. నాకు ఫోన్ వచ్చి నేనూ నా భార్య నగ్మా వెళ్లేసరికి పిల్ల వరండాలో పడి ఉంది. ఆయా ఎవరో పిల్ల చేతిలో తాళాల గుత్తి పెట్టి గుప్పిట బిగించి పట్టుకుంది. ముందు పన్ను విరిగింది. యూనిఫాం తడిసిపోయింది. చుట్టూ పిల్లలు. ఎవరూ వాళ్లని లోపలికి పొమ్మనలేదు.

బండి మీద నా వెనక నగ్మా, మధ్యలో షిరీన్. సగం దారిలో షిరీన్ అడిగింది, "నాన్నా, అందరూ చూశారా?" అని. ఎవరూ చూడలేదన్నాను.

రెండోసారి పదహారున, ఇంట్లో. రెండోసారి రాబట్టే మందు మొదలుపెట్టారు. పరీక్షలన్నీ చేశాక డాక్టరు గారు భయపడాల్సిందేమీ లేదన్నారు. చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుందట. బడికి పంపొచ్చు అని కూడా అన్నారు. ఆయన గుంటూరు బడులను చూసి అన్నమాట అది.

ఫిబ్రవరి 19

రాలేదు.

ఫిబ్రవరి 20

రాలేదు. అమ్మ దర్గాకి తీసుకెళ్దామంటోంది. తాయెత్తు కడితే మనకి పోయేదేముందిరా గౌసూ అంటుంది. నేను వద్దనలేదు, సరేననలేదు.

మార్చి 1

బడి కరస్పాండెంట్ కబురు చేస్తే వెళ్లాను. టీ తెప్పించాడు. నా షాపులోనే వాళ్ల బడి పనులన్నీ చేయించుకుంటాడు, కాబట్టి మర్యాదకి లోటు లేదు. షిరీన్ తన కూతురు లాంటిదే అన్నాడు. కానీ మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారట, పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడుతున్నారట. పరీక్షలకి కూడా పంపొద్దు, పాస్ చేసేస్తాం అన్నాడు. వచ్చే ఏడాది సంగతి అడిగాను.

"బడిలో ఉండగా రాదని డాక్టరు గారితో ఒక కాగితం రాయించుకు రండి బాషా గారూ. రేపే కూర్చోబెడతాను."

గుంటూరు ఫోన్ చేసి అడిగితే డాక్టరు గారు ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "రేపు వాన పడదని కూడా రాసివ్వమంటారా?" అన్నారు.

మార్చి 2

రాలేదు.

మార్చి 3

రాలేదు.

మార్చి 9

వచ్చింది. పొద్దున్నే, పళ్లు తోముకుంటుండగా. నగ్మా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టింది. డాక్టరు గారు చెప్పినట్టే చేసింది. నేను కూడా అక్కడే ఉన్నాను. ఏం చేశానో గుర్తు లేదు. అయిపోయాక చూసుకుంటే నా చేతిలో చెంబు ఉంది.

ఇదే బడి మెట్ల మీద అయితే? పంపేది లేదు. పిల్లని ఇంట్లోనే చదివించుకుంటాను. బీకాం చదివాను. ఆరు, ఏడు తరగతుల పాఠాలు చెప్పలేనా?

నగ్మా ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టే.

ఏప్రిల్ 6

కోల్డ్ స్టోరేజీల ముందు మిరపకాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. షాపులోకి ఘాటు కొట్టి, వచ్చినవాళ్లు వచ్చినట్టే దగ్గుతున్నారు. షిరీన్‌కి ఈ ఘాటు పడుతుందో లేదో డాక్టరు గారిని అడగాలి.

వాసిం ఆదివారమని ఇంటికి వచ్చాడు. చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, చిలకలూరిపేట కోర్టులో ప్లీడరు. పిల్లని ఇంట్లో చదివించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా అని పోయిన వారమే అడిగాను. చూసి చెప్తానన్నాడు. ఇవాళ చెప్పాడు. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకి చదువు హక్కు. దగ్గర్లో ఉన్న బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని చట్టంలో ఉంది. చేర్పించకపోతే శిక్ష మాత్రం ఏమీ రాయలేదు. ఇంట్లో చదువు నేరమని లేదు, సరేనని కూడా లేదు. ఎప్పుడో ఢిల్లీలో కేసు నడిస్తే, ప్రభుత్వం ఒకసారి పర్వాలేదని చెప్పి మళ్లీ మాట మార్చుకుందట.

"నిన్నెవరూ జైల్లో పెట్టరురా. కానీ పిల్ల ఏడు చదివిందని రేపు కాగితం ఎవరిస్తారు? నువ్విస్తావా?" అన్నాడు.

నేరం కాదు అన్నాడు కదా. అది చాలు నాకు.

ఏప్రిల్ 7

రాలేదు.

ఏప్రిల్ 23

రాలేదు. ఇవాళ్టితో అన్ని బడులకీ సెలవులు. ఇక అందరి పిల్లలూ ఇళ్లలోనే ఉంటారు. షిరీన్ ఒక్కతే కాదు.

మే 18

నగ్మా తమ్ముడు అనీస్ కుటుంబంతో వచ్చాడు. కారు మాట్లాడుకుని వాడరేవు వెళ్తున్నారు, షిరీన్‌ని కూడా తీసుకెళ్తామన్నారు. పిల్ల అప్పటికే చెప్పులు వేసుకుని అరుగు మీద నిలబడింది. సముద్రం కదా, నీళ్లలో ఉండగా వస్తే? ఒడ్డునే కూర్చోబెడతామని అనీస్ ప్రమాణం చేశాడు. పదిమంది పిల్లలు నీళ్లలో దూకుతుంటే ఒక్కదాన్ని ఒడ్డున ఎవడు కూర్చోబెట్టగలడు? వద్దన్నాను.

సాయంత్రం వాళ్లు ఎండుచేపల పొట్లం ఇచ్చి వెళ్లిపోయారు. షిరీన్ ఏడవలేదు. అసలు అడగనే లేదు. మంచి పిల్ల, అర్థం చేసుకుంటుంది.

ఈ నెలలో ఇప్పటిదాకా రాలేదు.

జూన్ 12

బడులు తెరిచారు. షాపు ముందు నుంచి ఆటోలు పిల్లల్ని కుక్కుకుని పోతున్నాయి. షిరీన్ వాళ్ల బడి పసుపు బస్సు కూడా పోయింది. ఎవరో కిటికీలోంచి "షిరీన్" అని అరిచారు. షిరీన్ చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా ఇంకా ఊపుతూనే ఉంది.

షాపు వెనక, ప్లైవుడ్ చెక్క అవతల, బల్ల వేశాను. ట్యూబులైటు కొత్తది పెట్టించాను. ఏడో తరగతి పుస్తకాలు నెట్ నుంచి దింపుకుని ప్రింటు తీశాను. పొద్దున లెక్కలు, తర్వాత ఇంగ్లీషు, మధ్యాహ్నం సైన్సు. పిల్ల నా కళ్లెదుట ఉంటుంది. చెక్కకి చిన్న కిటికీ కోయించాను.

జూన్ 13

రాలేదు. లెక్కలు మొదటి పాఠం సగం అయింది. అడ్మిషన్ల రోజులు కదా, షాపులో జనం. కులం కాగితాలు, ఆదాయం కాగితాలు, ఇంటర్ దరఖాస్తులు. ఊరి పిల్లలందరూ ఎక్కడెక్కడ చేరాలో నా వేళ్ల మీదుగానే పోతోంది.

జూన్ 17

లెక్కలు మొదటి పాఠం ఇంకా అవలేదు. రేపు పూర్తి చేయాలి.

జూన్ 21

షిరీన్ నాకంటే వేగంగా టైపు చేస్తోంది. తెలుగు కూడా. కంప్యూటర్ అని వేరే క్లాసు పెట్టాల్సిన పని లేదు. జిరాక్స్ మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే తనే తీస్తోంది. ఇలాంటివి ఏ బడిలో నేర్పుతారు?

జూన్ 24

హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ కోటేశ్వరి గారు షాపుకి వచ్చారు. బడికి రాని పిల్లలెవరో ఇల్లిల్లూ తిరిగి రాస్తున్నారు. ఆవిడ వచ్చేసరికి షిరీన్ ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తోంది. అది ఆ ఒక్క నిమిషమే. అంతకుముందు చదువుకుంటూనే ఉంది.

"ఏం తరగతమ్మా?" అని అడిగారు. షిరీన్ నా వైపు చూసింది.

ఇంట్లో చదువుకుంటోందని నేను చెప్పాను. జబ్బు సంగతి కూడా చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని అంతా విన్నారు. ట్యాబ్ నా వైపు తిప్పారు. బడికి రాకపోవడానికి కారణం అని అడిగి, కింద వరసగా ఇచ్చారు. వలస వెళ్లారు. పనికి వెళ్తోంది. తమ్ముళ్లని చూసుకుంటోంది. పెళ్లయింది. అనారోగ్యం. ఆసక్తి లేదు.

"మీరు బాగానే చూసుకుంటున్నారు, కాదనను. కానీ మీరు చెప్పే మాట ఇందులో లేదండి."

నేను రోజంతా ఇలాంటి గడులే నింపుతాను. మనకి కావలసింది లేకపోతే ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకి పోదు. పనికి వెళ్తోందని మాత్రం రాయొద్దని బతిమాలాను. అనారోగ్యం నొక్కారు. పైన ఉన్న పేర్లు కనిపించాయి. కూలికి పోయే పిల్లలు. వాళ్ల కింద నా కూతురు.

పోతూ పోతూ అన్నారు, ఏ కాగితాలూ అక్కర్లేదు, రేపే తీసుకురండి, ఏం చేయాలో టీచర్లందరికీ చెప్పి పెడతాను అని. మంచావిడ. కానీ ఒక్కో తరగతికి యాభై మంది పిల్లలు, గచ్చు నేల, బాత్రూములు ఆ చివర ఎక్కడో. ఆవిడ ఎంతమందిని కనిపెట్టుకుంటుంది?

ఆవిడ వెళ్లాక షిరీన్ అడిగింది, హైస్కూల్లో లైబ్రరీ ఉందట కదా అని. నీకేం పుస్తకాలు కావాలో చెప్పు, ప్రింటు తీసిస్తానన్నాను.

జూలై 3

ఓపెన్ స్కూలు వాళ్లకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించి చివరికి ఒకమ్మాయి ఎత్తింది. పాప వయసు అడిగింది. పన్నెండు నిండబోతున్నాయన్నాను. పద్నాలుగు నిండాక పదో తరగతి నేరుగా రాయొచ్చు సార్, అప్పుడు చేయండి అంది. అప్పటిదాకా ఏం చేయాలని అడిగాను. చిన్న పిల్లలకి ఎనిమిదో తరగతి స్థాయి పరీక్ష ఒకటుందట, కానీ గుర్తింపు ఉన్న కేంద్రంలో పేరుండాలి. మా దగ్గర్లో ఏదీ కనిపించడం లేదట. బాపట్ల వైపు వెతకమని అడిగాను. లేదు సార్ అంది. ఒంగోలు? లేదు సార్.

షాపుకి వచ్చే యలమందయ్య, పాపం, పక్కనే కూర్చుని ఇదంతా విన్నాడు. పత్తి గింజల సబ్సిడీ సంగతి చూడమని వచ్చి, అది కూడా అడక్కుండా లేచి వెళ్లిపోయాడు.

జూలై 8

దారి దొరికింది. వాసిం ఫోన్‌లో చెప్పాడు. వైకల్యం బాగా ఎక్కువగా ఉన్న పిల్లలకి ఇంటి దగ్గరే చదువుకునే హక్కు ఆ చట్టంలోనే రాసి ఉందట. సర్కారు టీచరే వారానికోసారి ఇంటికి వచ్చి చెప్తారట. హాజరు, పరీక్షలు, అన్నీ మామూలే. షిరీన్ జబ్బు అందులోకి వస్తుందా అని అడిగితే, ఒట్టి దానికే ఇవ్వరనుకుంటా అన్నాడు. బుద్ధిమాంద్యం లాంటిది ఉంటే ఇస్తారట. సదరం క్యాంపులో డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇస్తారు.

మాత్రలు వేసుకున్నప్పటి నుంచి షిరీన్ కొంచెం మందంగానే ఉంటోంది. పొద్దున లేపితే లేవదు. పిలిస్తే వెంటనే పలకదు. ఇవన్నీ డాక్టర్లే చూస్తారు కదా. స్లాట్ బుక్ చేశాను. ఊళ్లో వాళ్లందరికీ నేనే చేసిపెడతాను, పేరు టైపు చేసేటప్పుడు ఎప్పుడూ తప్పు పోలేదు. ఇవాళ రెండుసార్లు కొట్టేసి మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

నగ్మాకి మాత్రం ఆస్పత్రిలో పరీక్షలకి తీసుకెళ్తున్నానని చెప్పాను.

జూలై 17

రాలేదు. రేపే క్యాంపు.

షిరీన్‌తో మాట్లాడాను. డాక్టర్లు ఏదడిగినా తొందరపడి చెప్పొద్దన్నాను. బాగా ఆలోచించి, నిదానంగా చెప్పమన్నాను. తెలియకపోతే తెలియదనమన్నాను. అంతే అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

"తెలిసినా తెలియదనాలా?" అంది.

కొన్ని అనొచ్చు అన్నాను.

జూలై 18

రాయాలి.

ఆస్పత్రి వరండా నిండా జనం. నడవలేని పిల్లలు, చూపు లేని పిల్లలు, మెడ నిలబడని పిల్లలు. మా పక్కన చీమకుర్తి నుంచి వచ్చిన తల్లి ఒకామె, పద్నాలుగేళ్ల కొడుకుని చంకనేసుకుని నిలబడే ఉంది. వాడి కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. షిరీన్ లేచి ఆమెకి చోటిచ్చింది. వాడి చొంగ తుడవడానికి తన కర్చీఫ్ ఇచ్చింది. వద్దు, కూర్చో అని నేను చెయ్యి పట్టి లాగాను. ఎవరైనా చూస్తారేమోనని.

లోపల ఒక మేడమ్ ప్రశ్నలు అడిగింది. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. షిరీన్ పది, తొమ్మిది, ఏడు అంది. అని నా వైపు చూసింది. ఇవాళ ఏం వారం అంటే శుక్రవారాన్ని ఆలోచించి మరీ బుధవారం అంది. మళ్లీ నా వైపు చూసింది. మేడమ్ కూడా నా వైపు చూసింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి."

తలుపు సరిగా మూయలేదు. కాసేపటికి మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా అని మేడమ్ అడిగింది. ఇక షిరీన్ ఆగలేదు. నెట్ సెంటర్ గురించి, దరఖాస్తుల గురించి, సర్వర్ పని చేయనప్పుడు మా నాన్న ఏం చేస్తాడో దాని గురించి, ముసలివాళ్ల వేలిముద్రలు పడకపోతే వేళ్లు ఎలా తుడవాలో దాని గురించి గలగలా చెప్పింది. మేడమ్ నవ్వింది. షిరీన్ కూడా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నన్ను లోపలికి పిలిచి, పెద్ద డాక్టరు చెప్పారు. "మీ పాపకి ఏ వైకల్యమూ లేదండి. తోటివాళ్ల కంటే ముందే ఉంది. సంతోషపడాల్సిన విషయం." కాగితాలు సర్దుకుంటూ గొంతు తగ్గించి, "ఇలాంటివి నేర్పకండి పిల్లకి" అన్నారు.

బయటికి వస్తుంటే చీమకుర్తి ఆమె అడిగింది, వచ్చిందా అన్నా అని. రాలేదన్నాను. ఆమె నన్ను ఓదార్చింది. "మళ్లీ రండన్నా. మేం రావడం ఇది మూడోసారి. ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారు."

బస్సులో షిరీన్ కిటికీ వైపు కూర్చుంది. పత్తి చేలల్లో కలుపు తీస్తున్నారు. చాలా దూరం వచ్చాక అంది.

"నాన్నా, నేను తప్పులు సరిగ్గా చెప్పలేకపోయానా?"

ఏం చెప్పానో రాయను.

జూలై 19

రాలేదు.

జూలై 20

రాలేదు.

జూలై 22

నగ్మాకి తెలిసిపోయింది. పిల్ల చెప్పిందనుకుంటాను. నగ్మా అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

జూలై 30

రాలేదు. షిరీన్ పుస్తకం తెరవడం లేదు. నేను తెరవమనడం లేదు. వెనక బల్ల మీద జిరాక్స్ కాగితాల కట్టలు పెట్టాల్సి వచ్చింది, షాపులో చోటు లేక. కొన్నాళ్లే.

ఆగస్టు 4

పది గంటలకి చెక్క కిటికీలోంచి చూస్తే షిరీన్ లేదు. ఇంట్లో ఉందేమోనని వెళ్లాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "బడికి పోయిందిరా. నగ్మా తీసుకెళ్లింది" అంది.

పోయిన వారమే నగ్మా కోటేశ్వరి గారిని కలిసి వచ్చిందట. పేరు రాయించిందట. యూనిఫాం కుట్టించిందట. కొలతలు, గుడ్డ, కుట్టుడు, ఇదంతా ఈ ఇంట్లోనే జరిగింది. నాకు తెలియదు.

నగ్మా వచ్చాక గొడవ పడ్డాం. ఎక్కువగా నేనే అరిచాను. పిల్లకి ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారన్నాను. కన్నతల్లివేనా అని కూడా అన్నాను. తను అంతా విని, బుర్ఖా మడతపెట్టి దండెం మీద వేసి, అప్పుడు మాట్లాడింది.

"మీకు భయంగా ఉంటే మీరు ఇంట్లో కూర్చోండి. దాన్నెందుకు కూర్చోబెడతారు?"

పెళ్లయినప్పటి నుంచి నగ్మా నాతో ఇలా మాట్లాడలేదు.

సాయంత్రం షిరీన్ వచ్చింది. రాలేదు. బడిలో కూడా రాలేదట.

ఆగస్టు 5

షాపు తెరవలేదు. హైస్కూలు ఎదురుగా టీ కొట్టు ఉంది. అక్కడ కూర్చున్నాను. బడి గోడ పొట్టిది, గ్రౌండు కనిపిస్తుంది. ప్రార్థనలో షిరీన్ మూడో వరసలో ఉంది. తర్వాత కనపడలేదు. ఇంటర్వెల్‌లో కనపడింది. ఎవరో పిల్లతో కలిసి పంపు దగ్గర నీళ్లు తాగింది.

రాలేదు.

ఆగస్టు 6

టీ కొట్టు. రాలేదు.

ఆగస్టు 7

టీ కొట్టు. గ్రౌండులో పరిగెత్తింది. పరిగెత్తొద్దని చెప్పాను. చెప్పిందంతా ఒక పూటలో మర్చిపోతుంది. రాలేదు.

ఆగస్టు 12

కోటేశ్వరి గారు రోడ్డు దాటి టీ కొట్టుకే వచ్చారు. లేచి నిలబడ్డాను. కూర్చోమని తను కూడా బల్ల మీద కూర్చున్నారు. షిరీన్ తరగతి పిల్లలందరికీ ఎలా పట్టుకోవాలో, ఏం చేయకూడదో నేర్పించానన్నారు. ఇద్దరు ఆడపిల్లలు ఎప్పుడూ పక్కనే ఉంటారట, వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చారట. నేను దణ్ణం పెట్టాను.

"అదంతా బాగానే ఉంది బాషా గారూ. కానీ మీరు రోజూ ఇక్కడ కూర్చుంటున్నారు. మీ నాన్న ఎందుకలా కూర్చుంటాడని పిల్లలు దాన్ని అడుగుతున్నారు. మొన్న ఏడ్చింది."

నాకు చెప్పలేదు అన్నాను.

"మీకు చెప్పదు" అన్నారు.

ఆగస్టు 13

షాపు తెరిచాను. ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. మోగీ మోగకముందే ఎత్తుతున్నాను. ప్రతిసారీ ఎవరో పింఛను గురించి.

ఆగస్టు 25

రాలేదు. షిరీన్ ఇక తను స్నేహితులతో నడిచి వెళ్తానంది. నేను బండి మీద దింపక్కర్లేదట. నగ్మా సరేనంది. నన్ను అడిగినట్టే అడిగారు.

సెప్టెంబర్ 2

లైబ్రరీ నుంచి పుస్తకాలు తెస్తోంది. ఏం చదువుతున్నావని అడిగితే కథలు అంది. వినిపించమంటే, రేపు నాన్నా అంది. నిద్ర తగ్గకూడదని లైటు ఆపేశాను. రాలేదు.

సెప్టెంబర్ 9

గుంటూరు వెళ్లాం. డాక్టరు గారు చీటీ చూసి బాగుంది, ఇదే మందు వాడండి అన్నారు. బడికి వెళ్తోందని షిరీనే చెప్పింది. ఆయన నా భుజం తట్టి, మంచి పని చేశారన్నారు. నగ్మా పక్కనే ఉంది. నేను చేయలేదని చెప్పలేదు. తను కూడా చెప్పలేదు.

సెప్టెంబర్ 16

రాలేదు. పొద్దున్నుంచీ వాన. షిరీన్ బడి నుంచి వచ్చి అన్నం తినకుండానే పడుకుంది. తడిసి అలిసిపోయింది.

సెప్టెంబర్ 19

మధ్యాహ్నం వెంకటరావమ్మ గారు వచ్చారు, రేషను కార్డులో పేరు మార్పించుకోవడానికి. ఈవిడ మనవరాలు షిరీన్ తరగతే. కంప్యూటర్ తెరుచుకుంటుండగా మామూలుగా అడిగారు.

"పాపకి ఎట్టా ఉంది బాబూ ఇప్పుడు?"

బాగానే ఉందన్నాను.

"మంగళవారం వచ్చినప్పుడు మా పిల్లే చున్నీ మడతపెట్టి తల కింద పెట్టిందంట. ఇంకో పిల్లేమో అందర్నీ బయటికి పంపిందంట. ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పిందనుకున్నావ్. మీ ఆవిడ కూడా వచ్చిందంటగా, పాప లేచేదాకా పక్కనే కూర్చుందంట. తర్వాత రెండు పీరియడ్లు కూడా కూర్చుని పాఠం విందంట మీ పిల్ల. గట్టి పిల్ల బాబూ."

అవునన్నాను. రేషను కార్డులో ఎవరి పేరు మార్చాలో మళ్లీ అడిగాను. ఆవిడ మళ్లీ చెప్పారు. టైపు చేశాను. రసీదు ఇచ్చాను. ఆవిడ వెళ్లాక ఎవరెవరో వచ్చారు. వాళ్లకేం చేసిపెట్టానో తెలియదు.

మంగళవారం, పదహారున, రాలేదని నేను రాసిన రోజే వచ్చింది. నగ్మా వెళ్లింది. ఇంటికొచ్చి నాకు అన్నం వడ్డించింది. వాన పడుతోంది, కరెంటు పోయేలా ఉంది, ఇలాంటివేవో మాట్లాడుకున్నాం కూడా. డాక్టరు గారికి తను ఫోన్ చేసే ఉంటుంది. చేసి ఉంటుంది. అలాంటివి మర్చిపోయే మనిషి కాదు.

పన్ను విరగలేదు. దెబ్బ తగల్లేదు. పిల్ల పడిపోయినప్పుడు ఊళ్లోనే, నాలుగు వీధుల అవతల, నేను ఎవరిదో దరఖాస్తు నింపుతున్నాను.

మాన్పించాలి. రేపటి నుంచి పంపను అని చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? పిల్ల ఎదురు చెప్పదు. చెప్పులు విప్పి, వెళ్లి చెక్క వెనక కూర్చుంటుంది.

సాయంత్రం అందరం కలిసి తినడానికి కూర్చున్నాం. అమ్మ, నగ్మా, షిరీన్, నేను. గోంగూర పప్పు. షిరీన్ బాగానే ఉంది. మోచేతి దగ్గర చర్మం కొంచెం గీరుకుపోయి ఉంది. చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

అడగాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "ఈ వారం బడిలో ఏమైనా విశేషాలా?"

నగ్మా చేతిలో గరిటె ఆగిపోయింది. అమ్మ తన కంచంలోకి చూసుకుంటోంది. అమ్మకి కూడా తెలుసు.

"ఏం లేవు నాన్నా. సోమవారం సైన్సు పరీక్ష ఉంది" అంది షిరీన్.

అని నా వైపు చూసింది. నగ్మా చూసింది. అమ్మ కూడా తలెత్తి చూసింది. ముగ్గురూ కదలకుండా నన్నే చూస్తున్నారు, నాకేమైనా అవుతుందేమో, అయితే ఎటు నుంచి పట్టుకోవాలో అన్నట్టు.

బాగా చదువుకో అన్నాను. కొంచెం పప్పు వేయమని కంచం ముందుకి జరిపాను.